శేషం సున్న, మేడం

డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్ల కోసం ఈ సంగతి రాస్తున్నాను. పాతవాళ్లకు ఇందులో సగం తెలుసు. ఆ సగానికే చాలా రోజులు నవ్వుకున్నారు. మిగతా సగం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చివర్లో మీకే తెలుస్తుంది.

నేను విలేకరిగా మొదలైంది మహబూబాబాద్‌లో, అంటే మా నోట మానుకోటలో. అప్పట్లో పదో తరగతి ఫలితాలు పేపర్లో హాల్‌టికెట్ నెంబర్లుగా వచ్చేవి. ఒక ఏడు మా పేజీలో ఒక నెంబరు తప్పు పడింది. తెల్లారేసరికి ఒక తల్లి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. తిట్టలేదు, అరవలేదు. పేపరు మడిచి మా ముందు పెట్టి "గిండ్ల మా బిడ్డను ఏడ పెట్టిన్రు సారూ?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత నన్ను జనగామ డెస్క్‌కు మార్చారు. అక్కడి పెద్దాయనకు ఈ ఉదంతం చెప్పాను. ఆయన రెండు రోజులు ఆలోచించి ఒక నియమం పెట్టాడు. ఫోన్లో పెద్ద సంఖ్య ఏది చెప్పినా విలేకరి ముందు అంకెలు ఒక్కొక్కటిగా చెప్పాలి. ఆ తర్వాత వాటి మొత్తం చెప్పాలి. రాసుకున్నవాడు తన కాగితం మీది అంకెలు కూడి చూసుకోవాలి. రెండు మొత్తాలూ కలిస్తే వార్త పోతుంది, లేకపోతే మళ్లీ మొదటి నుంచి. "టోటల్ కలిసిన నెంబర్‌కు నేను గ్యారంటీ" అనేవాడాయన. ఆయన రిటైరయ్యాక ఆ గ్యారంటీ నాకు సంక్రమించింది. నన్ను భూపాలపల్లి జిల్లా పేజీకి ఇన్‌చార్జిగా పంపినప్పుడు దాన్ని కూడా వెంట తీసుకుపోయాను. మండల విలేకరులు నా వెనక నన్ను 'టోటల్ సార్' అనేవాళ్లు. అది ఎగతాళి అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

భూపాలపల్లి పేజీ అంటే అన్నీ అంకెలే. చెల్పూర్ కరెంటు ప్లాంటు మెగావాట్లు, బొగ్గు టన్నులు, గోదావరి క్యూసెక్కులు, కాటారంలో కొన్న వడ్ల క్వింటాళ్లు. అన్నిటికీ టోటల్ కలిపి వేసేవాళ్లం. ఒక్క పాఠకుడైనా వాటిని ప్రశ్నించిన పాపాన పోలేదు. మా పేజీలో తప్పు పడదని నేను దాన్నిబట్టే తేల్చుకున్నాను. ఎవరూ కూడి చూడరని మాత్రం తేల్చుకోలేదు.

ఒక జూన్ నెలలో, బడులు తెరిచిన వారం, మహదేవపూర్ విలేకరి ఫోన్ చేశాడు. మండల కేంద్రం దాటాక గోదావరి పక్కన ఒక చిన్న ఊళ్లో ఉన్నాడు. అక్కడ సిగ్నల్ దొరికేది ఒక్క కల్వర్టు మీదే. అదీ మాటకు సరిపోయేది గానీ ఫొటో పోదు.

"అన్నా, మంచి ఐటం దొరికింది. సర్కారు బడి గోడ మీద మేడం ఒక పెద్ద నెంబర్ రాసింది."

"ఎవరి ఫోన్ నెంబరు?"

"ఫోన్ నెంబర్ గాదే! ఒకటి నుంచి ఇరవై దాక దేంతోని భాగించినా శేషం మిగలదట. అసొంటి నెంబర్లల్ల గిదే అన్నింటికంటె చిన్నదట."

"ఎంత?"

"ఇరవై మూడు కోట్ల చిల్లర."

"ఇరవై మూడు కోట్లు చిన్నదా?"

"నన్నేం అడుగుతవన్నా, మేడం గట్లనే చెప్పింది."

నెంబరు కంటే మిగతా కథ నాకు నచ్చింది. ఆ బడిలో పిల్లలు సరిగ్గా ఇరవై మంది. టీచరమ్మ ఒక్కరే. పిల్లలు తగ్గితే ఆమెను ఇంకో ఊరికి సర్దుబాటు చేస్తారు, బడికి తాళం పడుతుంది. మండల కేంద్రంలోని ప్రైవేటు బడి వ్యాను అప్పటికే ఊరి చుట్టూ తిరుగుతోంది. అందుకని ఆమె బడి గేటుకు వేయగా మిగిలిన రంగుతో గోడ మీద ఆ సంఖ్య రాసి, ఒకటి నుంచి ఇరవై వరకు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క సంఖ్య ఇచ్చింది. పొద్దున హాజరు పిలిస్తే "ప్రెజెంట్ మేడం" అనకూడదు. పెద్ద పిల్లలు గోడ మీది సంఖ్యను తమ సంఖ్యతో పలక మీద భాగించి, లేచి నిలబడి, "శేషం సున్న, మేడం!" అనాలి. భాగహారం ఇంకా రాని చిన్నవాళ్లకు రెండు, ఐదు, పది లాంటివి ఇచ్చింది. వాళ్లు చివరి అంకె చూసి చెప్పేస్తారు. ఇరవై మంది ఇరవై సార్లు శేషం సున్న అంటేనే ఆ రోజు బడి నిండినట్టు.

విలేకరి అంకెలు చెప్పాడు. మధ్యలో ఒక ట్రాక్టరు కల్వర్టు దాటింది. నేను రాసుకున్నాను.

"టోటల్?"

"ముప్పై ఆరన్నా."

కూడాను. ముప్పై ఆరు. కలిసింది. ఫొటో మర్నాడు కాటారం వచ్చాక పంపాడు. ఫొటోగ్రాఫర్లందరికీ ఉండే అలవాటే అతనికీ ఉంది: ఏ గోడ గురించి వార్తో ఆ గోడకు అడ్డంగా మనుషులను నిలబెట్టడం. పిల్లల తలల మీదుగా సంఖ్య కనబడుతోంది, మధ్యలో రెండు అంకెలు తప్ప. అక్కడ ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న పొడుగాటి అమ్మాయి నవ్వుతూ నిలబడింది. సోమవారం నాడు నాలుగు కాలాల్లో వేశాం. సంఖ్యను పెద్ద అక్షరాల్లో శీర్షిక కింద పెట్టాం: 23,27,95,260.

మంగళవారం మధ్యాహ్నం కల్వర్టు మీది నుంచి మళ్లీ ఫోన్.

"అన్నా, ఈడ పరేషాన్ అయితంది. నీ నెంబర్ భాగం పోతలేదట."

ఎర్ర రిబ్బన్ల అమ్మాయి సంఖ్య పంతొమ్మిది. వాళ్ల నాయినకు సొంత ట్రాక్టరు ఉంది. బిడ్డ ఫొటో పేపర్లో పడేసరికి చాయ్ హోటల్‌కు పోయి అందరికీ చూపించాడు. అంతటితో ఆగితే బాగుండేది. "నా బిడ్డ లెక్క సూడుండ్రి" అని ఫోన్ తీసి, అందరి ముందు ఆ సంఖ్యను పంతొమ్మిదితో భాగించాడు. పాయింటు తర్వాత అంకెలు బారులు తీరాయి. పక్కవాడు తన కొడుకు సంఖ్య తొమ్మిదితో భాగించాడు, శేషం లేకుండా పోయింది. ఇంకొకడు పన్నెండుతో చేశాడు, అదీ పోయింది. ఏడు పోలేదు. పదకొండు పోలేదు. సాయంత్రానికి ఊళ్లో పన్నెండు ఇళ్లవాళ్లు టీచరమ్మ పక్షం, ఎనిమిది ఇళ్లవాళ్లు ఎదుటి పక్షం. ఏ పంచాయతీ ఎన్నికల్లోనూ ఆ ఊరు అంత కచ్చితంగా చీలి ఉండదు.

నేను వెంటనే నా ఫోన్ తీశాను. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు: పోయాయి. ఏడుతో పాయింటు వచ్చింది. ఆ ఫోన్ ఆదివారం కూడా నా జేబులోనే ఉంది. అయినా నాకు ఆ ఆలోచన రాలేదు, టోటల్ కలిసింది కదా!

"గోడ దగ్గరికి పోయి మళ్లీ చూసిరా" అన్నాను.

ఇప్పుడు చెప్పబోయేది శ్రద్ధగా చదవండి, ఎందుకంటే ఈ తప్పు మనలాంటివాళ్లు మాత్రమే చేయగలరు. అతను పోయాడు. గోడ మీది అంకెలు కూడుకొని కల్వర్టు మీదికి వచ్చాడు.

"చూసినన్నా. ముప్పై ఆరే."

"ముప్పై ఆరేనా? అయితే మనం కరెక్టే. ఆమెకే లెక్క రాదు."

ఒక మనిషి పరువు గురించి ఇంత తేలిగ్గా తీర్పు చెప్పి నేను టిఫిన్ డబ్బా తెరిచాను.

బుధవారం రాత్రికి కబురు ముదిరింది. టీచరమ్మ ఊరివాళ్లతో "పేపర్ల తప్పు పడ్డది, గోడ మీది సూడుండ్రి" అందట. వాళ్లు చూశారు. గోడ మీది సంఖ్య వేరుగా ఉంది, అది అన్నిటితోనూ పోతోంది. ట్రాక్టరాయన దానికీ జవాబు వెతికాడు: పేపరు వచ్చాక ఆమె గుట్టుగా రంగు డబ్బా తీసి గోడ దిద్దుకుంది. లెక్క రాని టీచర్ కాస్తా దొంగ టీచర్ అయింది. సాక్ష్యానికి ఫొటో చూద్దామంటే దిద్దారంటున్న ఆ రెండు అంకెల మీద ఆయన బిడ్డ తలే ఉంది. గురువారం తల్లిదండ్రులంతా బడి దగ్గర కూడుతున్నారు. ఎనిమిది మంది టీసీలు అడుగుతారు. ఎనిమిది మంది పోతే మిగతా పన్నెండు ఇళ్లు ఎన్నాళ్లు ఆగుతాయి?

గురువారం పొద్దున భూపాలపల్లిలో బస్సెక్కి, కాటారంలో మారి, మహదేవపూర్‌లో దిగాను. విలేకరి బండి మీద ఎక్కించుకున్నాడు. దారిలో నేను అతనికి పత్రికా విలువల గురించి చెబుతూనే ఉన్నాను. అతను "ఔనన్నా" అంటూ గుంతలు తప్పించాడు.

బడి వరండాలో జనం ఉన్నారు. ఒక పక్క గుడ్లు ఉడుకుతున్నాయి. గేటు బయట ప్రైవేటు బడి వ్యాను నిలబడి ఉంది, ఇంజను ఆపకుండా. టీచరమ్మకు యాభై ఏళ్లుంటాయి, జనగామ వైపు మనిషి. కుర్చీలో కూర్చోలేదు, గోడకు ఆనుకొని నిలబడింది. నన్ను చూసి "నువ్వేనా సార్, ఫోన్ల రాసుకునేటాయన?" అంది. అవునన్నాను.

ఆమె వెనక గోడ మీద 23,27,92,560 అని ఉంది. నా చేతిలో పేపరు ఉంది. అటూ ఇటూ చూశాను. గోడ మీద తొమ్మిది తర్వాత రెండు, ఐదు. పేపర్లో ఐదు, రెండు. ఎన్నిసార్లు కూడినా ముప్పై ఆరే. అంకెలు ఎక్కడ కూర్చున్నాయో మొత్తానికి అక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా నేను గ్యారంటీ ఇస్తున్నది దానికే.

ట్రాక్టరాయన నా దగ్గరికి వచ్చాడు. చొక్కా జేబులో టీసీ దరఖాస్తు, ఫోన్ కవరులో బిడ్డ ఫొటో కత్తిరింపు.

"నువ్వే చెప్పు సార్. పేపర్లున్నదే కదా మొదటిది? ఈమె తర్వాత దిద్దుకున్నది. అంత పెద్ద పేపర్ తప్పు రాస్తదా?"

నా ఉద్యోగం మొత్తంలో పత్రికను అంతగా నమ్మిన మనిషి నాకు ఎదురుకాలేదు. ఎదురైంది ఆ ఒక్క రోజే.

నా విలేకరి జేబు డైరీ తీశాడు. మొదటి రోజు గోడ చూసి రాసుకున్న పేజీ తెరిచాడు. పెన్నుతో రాసి ఉంది: రెండు, మూడు, రెండు, ఏడు, తొమ్మిది, రెండు, ఐదు, ఆరు, సున్న. కింద గీత గీసి, టోటల్ ముప్పై ఆరు. ఇన్ని రోజులూ ఆ డైరీ అతని జేబులోనే ఉంది. టోటల్ కలిసింది కాబట్టి మేమిద్దరం దాన్ని తెరవలేదు.

"అన్నా, ట్రాక్టర్ సప్పుడుల నేనే తప్పు చెప్పిన్నేమో" అన్నాడు మెల్లగా. డైరీ చూసే చదివాడని, తప్పు చెప్పలేదని ఇద్దరికీ తెలుసు. అతనిది పార్ట్‌టైమ్ ఉద్యోగం, నాది పర్మనెంట్. అందుకే అతను ఆ మాట అన్నాడు. ఒక్క క్షణం ఆ మాట నాకు చాలా బాగా అనిపించింది, దాచడం ఎందుకు?

"రాస్తది" అన్నాను ట్రాక్టరాయనతో.

"ఏంది సార్?"

"పేపర్ తప్పు రాస్తది. ఇది నేనే రాసిన. మేడం గోడ దిద్దలేదు. ఇగో, మావోడు సోమవారం కంటే ముందే రాసుకున్న డైరీ."

వరండాలో ఎవరో ముసలవ్వ వెనక నుంచి అంది: "మరి గిన్ని దినాల సంది మేం సదివిందంత గిట్లనేనా, బిడ్డా?"

దానికి మీరైనా ఏం చెబుతారు?

టీచరమ్మ ముఖం మీద గెలిచిన గుర్తేమీ లేదు. చాక్‌పీసు తీసుకొని బోర్డు మీద రెండు సంఖ్యలూ రాసింది. పదకొండో సంఖ్య పిల్లను పిలిచింది.

"ఒకటి విడిచి ఒకటి కూడు."

ఆ పిల్ల గోడ మీది సంఖ్యను కూడింది. ఒక వరస పద్దెనిమిది, మిగిలిన వరస పద్దెనిమిది. సమానం, కాబట్టి పదకొండుతో పోతుంది. తర్వాత మా పేపరు సంఖ్య. ఒక వరస పదిహేను, ఇంకో వరస ఇరవై ఒకటి. పోదు.

"అన్ని అంకెలు ఒక్కతీరుగ కూడితె పక్కపక్కవి తారుమారైనా తప్పు దొరకది సార్" అంది నాతో, మెల్లగా, చాలా మర్యాదగా. "ఒకటి విడిచి ఒకటి కూడితె దొరుకుతది. మా నాలుగో తరగతిది."

నాలుగో తరగతిది అని ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

మనుషులు మెత్తబడ్డారు. వ్యాను డ్రైవరు ఇంజను ఆపేశాడు. కానీ ట్రాక్టరాయన దరఖాస్తు జేబులోనే ఉంది. అతనికి ఇప్పుడు లెక్కతో పేచీ లేదు. హోటల్లో నవ్వినవాళ్లతో ఉంది. "లెక్క మంచిదే మేడం. కానీ ఆడ ఇంగ్లీష్, వ్యాను, టై. తప్పో ఒప్పో, పంపుదామని మనసుల పడ్డది" అన్నాడు.

ఆమె వాదించలేదు. గోడ వైపు చూపించి అడిగింది: "ఇదెట్ల తయారైతదో ఎరుకేనా తమ్మీ?"

బోర్డు మీద రాసింది. రెండును నాలుగుసార్లు, మూడును రెండుసార్లు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, పంతొమ్మిది ఒక్కొక్కసారి. అన్నీ గుణిస్తే గోడ మీది సంఖ్య.

"నీ బిడ్డ పంతొమ్మిది. ఆమె పోతే పంతొమ్మిది అక్కెర లేదు. అప్పుడు గోడ మీద ఉండవలసింది ఇది." పంతొమ్మిదిని చేత్తో తుడిచేసి కింద రాసింది: 1,22,52,240. "కోటి ఇరవై రెండు లక్షలు. ఇరవై మూడు కోట్లకెల్లి కోటికి దిగుతది. ఇరవై రెండు కోట్లు నీ బిడ్డ ఒక్కదానియే. తీసుకపోతనంటే తీసుకపో, నేను గోడ దిద్దుకుంట. ఈసారి అందరి ముంగటనే దిద్దుకుంట."

ముసలవ్వ ట్రాక్టరాయన తల్లి అని నాకు అప్పుడు తెలిసింది. "ఓరి నీ! నా మనుమరాలు ఇర్వై రెండు కోట్లదా? నువ్వు బర్రెను గూడ గంత సౌకగ ఇయ్యవు గదరా!" అంది. వరండా అంతా నవ్వింది. ట్రాక్టరాయన నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు. బిడ్డ వైపు చూశాడు. ఆ అమ్మాయి బోర్డు మీద తుడిచేసిన చోటునే చూస్తోంది.

"ఆ పంతొమ్మిది మళ్ల రాయి మేడం" అన్నాడు. దరఖాస్తు జేబులోంచి తీసి నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. మిగతా ఏడుగురూ అతన్ని చూశాక తమ కాగితాలు బయటికి తీయలేదు. టీచరమ్మ హాజరు పట్టీ తెరిచింది. ఇరవై సార్లు విన్నాను. పంతొమ్మిదోది కొంచెం గట్టిగా వినబడింది.

తిరుగు బస్సులో కాగితం తీసుకొని నేను కూడా లెక్క చేశాను. పంతొమ్మిది పోతే సంఖ్య తగ్గుతుంది, నిజమే. మరి ఇరవై పోతే? తగ్గదు. దాని పని నాలుగు, ఐదు చేసేస్తాయి. పన్నెండు పోతే తగ్గదు. తొమ్మిది పోయినా పద్దెనిమిది ఉంది. కాటారం వచ్చేసరికి తేలింది: ఇరవై మందిలో ఎవరైనా ఒక్కరే పోతే ఆ సంఖ్య మారేది ఐదుగురి విషయంలోనే. పదకొండు, పదమూడు, పదహారు, పదిహేడు, పంతొమ్మిది. మిగతా పదిహేను మందిలో ఏ ఒక్కరు పోయినా గోడకు తెలియను కూడా తెలియదు.

విలేకరికి ఫోన్ చేసి ఆ ఐదుగురూ ఎవరి పిల్లలో అడిగాను. అతను ఒక్కొక్కరి ఇల్లు చెప్పాడు. వ్యాను వచ్చిన మొదటి రోజే ఎక్కిస్తామన్న ఐదు ఇళ్లు అవే.

సాయంత్రం సవరణ కోసం టీచరమ్మకు ఫోన్ చేసినప్పుడు అడగకుండా ఉండలేకపోయాను. "మేడం, పిల్లలకు నెంబర్లు ఎట్ల ఇచ్చిన్రు?"

"చిన్నోళ్లకు అల్కటియి. మిగిలినోళ్లకు చీటీలు తీసినం సార్."

"ఇరవై పోయినా ఆ సంఖ్య తగ్గదు కదా. ఆ మాట అక్కడ చెప్పలేదేం?"

"ఆ పిల్ల వాళ్ల నాయిన అడుగలే సార్."

అప్పటికే నా తలలో వార్త సిద్ధమైంది. తప్పు మాది, తెలివి ఆమెది, ఎర్ర రిబ్బన్లు, ఇరవై రెండు కోట్లు, ముసలవ్వ. మొదటి పేజీకి పోయే కథ. అలాంటిది విలేకరి జీవితంలో రెండుసార్లు రాదు. చెప్పాను.

"వద్దు సార్. దండం పెడుత. తప్పు రాస్తేనే ఎనిమిది మంది పోవచ్చిన్రు. మంచిగ రాస్తే నన్నే తీసుకపోతరు. గింత మంచి టీచర్ గా మూలకెందుకని భూపాలపల్లిల ట్రైనింగుల కూసోబెడ్తరు. బడికి తాళం పడుతది. రెండు లైన్ల సవరణ వెయ్యి, చాలు. నేను ఈడ రిటైరయ్యేదాక నన్ను మంచిగ రాయకు."

తప్పు నాలుగు కాలాల్లో వేసినవాళ్లం సవరణ రెండు లైన్లలో, టెండరు ప్రకటనల పక్కన వేశాం. అది పత్రికల ఆచారం. ఆ ఒక్కసారి మాత్రం ఎదుటివాళ్లు అడిగినంతే వేశాం. మర్నాటి నుంచి మా డెస్క్‌లో టోటల్ రెండుసార్లు చెప్పించడం మొదలుపెట్టాను, ఒకటి విడిచి ఒకటి. ఎందుకని కుర్రాళ్లు అడిగితే, పై నుంచి వచ్చిన ఆదేశం అన్నాను. డెస్క్ నవ్వింది నా తప్పు చూసి. గోడ కథ వాళ్లకు తెలియదు.

నేను రిటైరయ్యాను. పోయిన ఏడు ఆమె కూడా రిటైరయ్యారు, ఆ బడిలోనే, తాళం పడకుండా. పంతొమ్మిది ఇప్పుడు ఇంకెవరి పిల్లదో. ఆమెకు ఇచ్చిన మాట తీరిపోయింది కాబట్టి రాస్తున్నాను, మంచిగానే.

గోడ మీది సంఖ్య 23,27,92,560. ఇది మీ చేతికి వచ్చేలోపు ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలుసు. అందుకని నన్ను నమ్మకండి. ఒకటి విడిచి ఒకటి కూడి చూడండి. పద్దెనిమిది, పద్దెనిమిది రావాలి. రాకపోతే తప్పు మాది, గోడది కాదు.